కింద రాసే 2, ముందు రాసే 2: పదార్థాల రకాల దగ్గర మొదలై సమీకరణాల దగ్గర తేలే లెక్క

హైడ్రోజన్, ఆక్సిజన్ కలిస్తే నీళ్లు వస్తాయి, హెచ్₂ + ఓ₂ → హెచ్₂ఓ అన్న ఈ సమీకరణం బ్యాలెన్స్ చెయ్యి, అంటే రెండువైపులా పరమాణువుల లెక్క సరిపోయేలా చెయ్యి అని కెమిస్ట్రీ కొత్తగా మొదలుపెట్టినవాళ్లకి ఇస్తే చాలామంది చేసే మొదటి పని ఒకటే ఉంటుంది. ఎడమవైపు ఆక్సిజన్ రెండు ఉన్నాయి, కుడివైపు ఒకటే ఉంది, సరే కుడివైపు ఆక్సిజన్ గుర్తు ఓ కింద ఒక చిన్న 2 పెట్టేస్తే సరిపోతుంది కదా అని పెట్టేస్తారు. లెక్క చూస్తే నిజంగానే సరిపోతుంది కూడా, హైడ్రోజన్ అటు రెండు ఇటు రెండు, ఆక్సిజన్ అటు రెండు ఇటు రెండు. కానీ ఇప్పుడు కాగితం మీద ఉన్నది నీళ్లు కాదు, హైడ్రోజన్ పెరాక్సైడ్. జుట్టు రంగు పోగొట్టడానికి, క్రిములు చంపడానికి వాడే పదార్థం అది, గాఢంగా ఉంటే చర్మం మీద పడినా కాలుతుంది.

ఈ తప్పుని లెక్కలు రాక చేసిన తప్పు అనుకుంటారు గానీ నా ఉద్దేశంలో అసలు కారణం అంతకుముందు చాప్టర్‌లో ఉంది. మూలకం, సంయోగ పదార్థం, మిశ్రమం అని ఒక చాప్టర్ చెప్తారు, అది బట్టీ పట్టే డెఫినిషన్ల చాప్టర్ అనుకుని దాటేస్తారు, తర్వాత బ్యాలెన్సింగ్ అని ఇంకో చాప్టర్ వస్తుంది, అది లెక్కల చాప్టర్ అనుకుంటారు. నిజానికి రెండూ ఒకటే విషయం. సంయోగ పదార్థం అంటే ఏంటో సరిగ్గా అర్థమైతే కింద అంకె ఎందుకు ముట్టుకోకూడదో ఎవరూ చెప్పక్కర్లేదు. అందుకే అక్కడి నుంచే మొదలుపెడదాం.

ఒక్క మాట ముందే చెప్తాను. ఫార్ములాలన్నీ తెలుగు అక్షరాల్లోనే రాస్తున్నాను: హెచ్ అంటే హైడ్రోజన్, ఓ అంటే ఆక్సిజన్, సీ అంటే కార్బన్, ఎన్ అంటే నైట్రోజన్, ఎస్ అంటే సల్ఫర్ అంటే గంధకం, ఎఫ్ఈ అంటే ఇనుము, సీయూ అంటే రాగి, ఏఎల్ అంటే అల్యూమినియం, సీఏ అంటే కాల్షియం, ఎంజీ అంటే మెగ్నీషియం, ఏజీ అంటే వెండి.

## 'ప్యూర్' అన్న మాట కెమిస్ట్రీలో వేరే

బయట ప్యూర్ అంటే కల్తీ లేనిది, శుభ్రమైనది అని అర్థం. తాగే నీళ్ల బాటిల్ మీద ప్యూర్ అని రాస్తారు, అందులో కాల్షియం, మెగ్నీషియం, సోడియం లవణాలు కరిగి ఉంటాయి, ఆరోగ్యానికి అవి మంచివే, కానీ కెమిస్ట్రీ లెక్కలో ఆ నీళ్లు మిశ్రమం. కెమిస్ట్రీలో శుద్ధ పదార్థం అంటే దాన్ని ఎక్కడ తీసి చూసినా ఒకే రకం పదార్థం ఉండాలి, ఇంకోటి కలవకూడదు. అది తాగడానికి పనికొస్తుందా విషమా అన్నదాంతో సంబంధం లేదు, శుద్ధమైన సైనైడ్ కూడా శుద్ధ పదార్థమే.

ఈ శుద్ధ పదార్థాలు రెండు రకాలు. ఒకటి మూలకం, దాన్ని ఏ రసాయన చర్యతోనూ అంతకంటే సాదా పదార్థాలుగా విడగొట్టలేం. రెండోది సంయోగ పదార్థం, దీన్ని రసాయన చర్యతో విడగొట్టొచ్చు, మామూలుగా వడకట్టో మరిగించో విడగొట్టలేం. శుద్ధం కానివన్నీ మిశ్రమాలు, వాటిని వడకట్టడం, ఆవిరి చెయ్యడం, అయస్కాంతం పెట్టి లాగడం లాంటి భౌతిక పద్ధతులతో విడగొట్టొచ్చు.

'ఇంక విడగొట్టలేం' అన్న ఈ డెఫినిషన్ పైకి చాలా గట్టిగా కనిపిస్తుంది గానీ అది ఆ కాలానికి మన చేతుల్లో ఉన్న పద్ధతుల మీద ఆధారపడినది. 1789లో ఫ్రెంచ్ రసాయన శాస్త్రవేత్త లెవోయిజర్ తన పుస్తకంలో 33 మూలకాల లిస్టు ఇచ్చాడు, అందులో ఆక్సిజన్, హైడ్రోజన్, గంధకం, బంగారం ఉన్నాయి, వాటితోపాటు వెలుగు, వేడి కూడా ఉన్నాయి, సున్నం కూడా ఉంది. సున్నాన్ని అప్పటికి ఎవరూ విడగొట్టలేకపోయారు కాబట్టి పెట్టాడు, అందులో ఇంకేదో లోహం ఉందేమో అన్న అనుమానం ఆయనకే ఉంది. 1808లో ఇంగ్లండ్ శాస్త్రవేత్త డేవీ కరెంటుతో దాంట్లోంచి కాల్షియం బయటికి తీశాడు, దాంతో సున్నం సంయోగ పదార్థాల్లోకి వెళ్లిపోయింది. ఇవాళ మూలకం అంటే కేంద్రకంలో ప్రోటాన్ల సంఖ్య ఒకటే ఉన్న పరమాణువుల పదార్థం అని చెప్తాం కాబట్టి ఆ గందరగోళం లేదు.

ఇంకో చిక్కు కూడా ఇక్కడే తీసేసుకోవాలి. అణువు అనగానే సంయోగ పదార్థం అనుకునేవాళ్లు చాలామంది ఉన్నారు. ఓ₂ అణువే, రెండు పరమాణువులు కలిసి ఉన్నాయి, కానీ రెండూ ఆక్సిజనే కాబట్టి అది మూలకమే. ఓజోన్ ఓ₃, అదీ మూలకమే. వజ్రం, గ్రాఫైట్ రెండూ కార్బనే. వేర్వేరు మూలకాలు రసాయనికంగా కలిసినప్పుడే సంయోగ పదార్థం.

## ఒకే టెస్ట్‌ట్యూబ్‌లో రెండూ

మిశ్రమానికీ సంయోగ పదార్థానికీ తేడా నాకు బాగా పట్టుబడింది ఇనుప రజను, గంధకం పొడి ప్రయోగంతో. 7 గ్రాముల ఇనుప రజను, 4 గ్రాముల గంధకం పొడి తీసుకుని బాగా కలిపితే ఒక మురికి పసుపు బూడిద రంగు పొడి వస్తుంది. దగ్గరగా చూస్తే పసుపు రేణువులు వేరుగా, నల్లటి రేణువులు వేరుగా కనిపిస్తూనే ఉంటాయి. కాగితం కింద అయస్కాంతం పెట్టి జరిపితే ఇనుము దాని వెంట పాకుతుంది, గంధకం ఉన్నచోటే ఉండిపోతుంది. కొంచెం సజల హైడ్రోక్లోరిక్ ఆమ్లం పోస్తే ఇనుము మాత్రమే చర్య జరిపి హైడ్రోజన్ బుడగలు వస్తాయి, గంధకం కదలదు. అంటే కలిసి ఉన్నా ఎవరి గుణం వాళ్లదే.

ఇప్పుడు అదే పొడిని టెస్ట్‌ట్యూబ్‌లో పోసి అడుగున మంట పెడితే కాసేపటికి ఒక చోట ఎర్రగా రాజుకుంటుంది, అప్పుడు మంట తీసేసినా ఆ ఎర్రదనం ఆగదు, పొడి గుండా మెల్లగా పైకి పాకుకుంటూ వెళ్తుంది, ఎందుకంటే చర్యలో పుట్టే వేడే పక్కనున్న పొడిని రాజేస్తుంది. చల్లారాక వచ్చేది నల్లటి గట్టి ముద్ద, ఐరన్ సల్ఫైడ్. దాన్ని పొడి చేసి అయస్కాంతం పెడితే ఇనుము విడిగా లేచి రాదు. ఆమ్లం పోస్తే హైడ్రోజన్ బదులు కుళ్లిన గుడ్డు వాసన వచ్చే హైడ్రోజన్ సల్ఫైడ్ వస్తుంది, అది విషవాయువు, కాబట్టి ఈ చివరి భాగం ల్యాబ్‌లో గాలి లాగే హుడ్ కిందే చెయ్యాలి.

7 గ్రాములు, 4 గ్రాములు అని ఎందుకు తీసుకున్నామో ఇక్కడ చూడండి. ఇనుము పరమాణు ద్రవ్యరాశి 56, గంధకానిది 32, అంటే 7కి 4. ఒక ఇనుము పరమాణువుకి ఒక గంధకం పరమాణువు. మిశ్రమం చేసేటప్పుడు 10కి 1 కలపొచ్చు, 1కి 10 కలపొచ్చు, ఎవరూ అడ్డుకోరు. కానీ వేడి చేసి ఐరన్ సల్ఫైడ్ చేసేటప్పుడు 10 గ్రాముల ఇనుముకి 4 గ్రాముల గంధకమే ఉంటే 7 గ్రాముల ఇనుమే చర్యలో పాల్గొంటుంది, 3 గ్రాములు మిగిలిపోతుంది. సంయోగ పదార్థానికి దాని నిష్పత్తి దానికుంది, మనం ఎంత వేశామో దానికి అక్కర్లేదు. బ్యాలెన్సింగ్ మొత్తం ఈ ఒక్క వాక్యం మీద నిలబడి ఉంది.

## చూడ్డానికి ఒకేలా ఉంటే ఒకటే పదార్థమా

మిశ్రమాల్లో సజాతీయం, విజాతీయం అని రెండు. ఉప్పు కరిగిన నీళ్లు ఎక్కడ తీసినా ఒకేలా ఉంటాయి, సజాతీయం. ఇసుక కలిపిన నీళ్లు విజాతీయం. ఇంతవరకు తేలికే. పాల దగ్గరకి వచ్చేసరికి చాలామంది తడబడతారు, ఎందుకంటే కంటికి తెల్లగా ఒకేలా కనిపిస్తాయి, మైక్రోస్కోప్ కింద పెడితే కొవ్వు గోళాలు విడిగా తేలుతూ కనిపిస్తాయి. పాలు కొల్లాయిడ్, అంటే చిన్నచిన్న కణాలు కరగకుండా అంతటా చెదిరి తేలుతుండే మిశ్రమం, ఈ పేరు 1861లో థామస్ గ్రాహం పెట్టాడు. చీకట్లో లేజర్ కాంతి పంపిస్తే ఉప్పునీళ్లలో దాని దారి కనిపించదు, కొన్ని చుక్కల పాలు కలిపిన నీళ్లలో దారి మెరుస్తూ కనిపిస్తుంది, ఎందుకంటే అందులోని కణాలు కాంతిని చెదరగొట్టేంత పెద్దవి.

గాలి ఇంకా తికమక పెడుతుంది. పొడి గాలిలో సుమారు 78 శాతం నైట్రోజన్, 21 శాతం ఆక్సిజన్, ఒక శాతం కంటే కొంచెం తక్కువ ఆర్గాన్, ప్రపంచంలో ఎక్కడ తీసుకున్నా దాదాపు ఇవే అంకెలు, మరి నిష్పత్తి స్థిరంగా ఉంది కదా సంయోగ పదార్థం ఎందుకు కాదు అని అడిగితే అది మంచి ప్రశ్నే. జవాబు ఏంటంటే గాలిని చల్లబరిచి ద్రవంగా మార్చి మెల్లగా వేడెక్కనిస్తే నైట్రోజన్ మైనస్ 196 డిగ్రీల దగ్గర, ఆక్సిజన్ మైనస్ 183 డిగ్రీల దగ్గర మరుగుతాయి, అలాగే విడిపోతాయి, పరిశ్రమల్లో ఆక్సిజన్ తయారుచేసేది ఈ దారిలోనే. నీళ్లలో కరిగిన గాలిని బయటికి తీసి కొలిస్తే అందులో ఆక్సిజన్ 21 శాతం కాదు, మూడో వంతు దాకా ఉంటుంది, ఎందుకంటే ఆక్సిజన్ నైట్రోజన్ కంటే ఎక్కువ కరుగుతుంది. సంయోగ పదార్థం అయితే నీళ్లలో కరగడం వల్ల నిష్పత్తి మారదు కదా.

అందరికంటే మోసం చేసేది ఆల్కహాల్, నీళ్ల మిశ్రమం. ఇథైల్ ఆల్కహాల్ బరువులో 95.6 శాతం దగ్గరకి వచ్చాక ఎంత మరిగించినా అది 78.2 డిగ్రీల దగ్గర స్థిరంగా మరుగుతుంది, ఆవిరిలో కూడా అదే 95.6 శాతం. స్థిరమైన మరుగు ఉష్ణోగ్రత శుద్ధ పదార్థం గుర్తు అని పుస్తకంలో చదివినవాళ్లు దీన్ని శుద్ధ పదార్థం అనేస్తారు. కానీ పీడనం మార్చి మరిగిస్తే ఆ 95.6 కూడా మారిపోతుంది. నీళ్లలో హైడ్రోజన్, ఆక్సిజన్ నిష్పత్తి ఏ పీడనం దగ్గరైనా 1కి 8గానే ఉంటుంది.

## ప్రూస్ట్, బెర్తొలే వాదన

ఈ నిష్పత్తి స్థిరం అన్నమాట ఎవరో కూర్చుని రాసిన రూల్ కాదు, దాని మీద చాలా ఏళ్లు వాదన నడిచింది. ఫ్రెంచ్ రసాయన శాస్త్రవేత్త ప్రూస్ట్ 1799లో కాపర్ కార్బనేట్ మీద చేసిన పనిలో ఖనిజంగా దొరికినదైనా, ల్యాబ్‌లో చేసినదైనా అందులో రాగి, కార్బన్, ఆక్సిజన్ బరువుల నిష్పత్తి ఒకటే అని చూపించాడు. ఇంకో ఫ్రెంచ్ రసాయన శాస్త్రవేత్త బెర్తొలే ఒప్పుకోలేదు. చర్యలో ఎంత పదార్థం వేశామన్నదాన్ని బట్టి వచ్చే పదార్థం కూడా మారుతుందని ఆయన వాదన, దానికి మిశ్రలోహాలు, గాజు, ద్రావణాలు ఉదాహరణలుగా చూపించాడు, వాటిలో నిజంగానే నిష్పత్తి మారుతుంది. అవన్నీ మిశ్రమాలు, వాటిని సంయోగ పదార్థాల లెక్కలో కలపకూడదు అని ప్రూస్ట్ జవాబు. అంటే వాళ్లు కొట్లాడుకున్నది సరిగ్గా మనం ఇప్పుడు మాట్లాడుకుంటున్న తేడా గురించే.

ప్రూస్ట్ మాటే నిలిచింది, స్థిరానుపాత నియమం అయింది. అలాగని బెర్తొలే పూర్తిగా తప్పు కాదు, ఆయనకి న్యాయం చెయ్యాలంటే రెండు విషయాలు చెప్పాలి. చర్య ఏ వైపు ఎంత దూరం వెళ్తుందన్నది వేసిన పరిమాణాల మీద ఆధారపడుతుందన్న ఆయన ఆలోచన తర్వాత రసాయన సమతాస్థితి సిద్ధాంతానికి దారి చూపింది. రెండోది, కొన్ని ఘనపదార్థాల్లో నిజంగానే నిష్పత్తి కాస్త మారుతుంది. ఐరన్ ఆక్సైడ్‌లలో ఒకటి ఎఫ్ఈఓ అని రాస్తాం గానీ స్ఫటికంలో కొన్నిచోట్ల ఇనుము ఉండాల్సిన జాగా ఖాళీగా ఉంటుంది, కొలిస్తే ఒక ఆక్సిజన్‌కి సుమారు 0.95 ఇనుము వస్తుంది. ఇలాంటి పదార్థాలకి ఆయన పేరు మీదే బెర్తొలైడ్స్ అని పేరు పెట్టారు.

ఇలాంటి సరిహద్దు గొడవ ఉప్పు కరగడం దగ్గర కూడా ఉంది. నీళ్లు ఆవిరి చేస్తే ఉప్పు తిరిగి వచ్చేస్తుంది కాబట్టి భౌతిక మార్పు అని ఎక్కువ పుస్తకాల్లో ఉంటుంది. స్ఫటికంలో అయాన్ల మధ్య, అంటే విద్యుదావేశం ఉన్న కణాల మధ్య, బంధం తెగుతోంది, ప్రతి అయాన్ చుట్టూ నీటి అణువులు చేరుతున్నాయి, మరి ఇది రసాయన మార్పు ఎందుకు కాదు అని అడిగేవాళ్లు ఉన్నారు, వాళ్ల మాటలోనూ బలం ఉంది. కొత్త పదార్థం ఏర్పడలేదు కాబట్టి స్కూల్ స్థాయికి భౌతిక మార్పు అనడమే నాకు సబబుగా తోస్తుంది, కాకపోతే గీత అంత పదునుగా లేదని తెలిసి ఉండాలి.

## ఫార్ములాలో కింద ఉన్న 2 ఎక్కడి నుంచి వచ్చింది

సంయోగ పదార్థానికి నిష్పత్తి స్థిరం కాబట్టే దానికి ఫార్ములా ఉంటుంది. గాలికి ఫార్ములా లేదు, ఉప్పునీళ్లకి లేదు, ఇత్తడికి లేదు. హెచ్₂ఓలో కింద 2 అంటే ఒక నీటి అణువులో హైడ్రోజన్ పరమాణువులు రెండు ఉంటాయని. ఆ అంకె పదార్థం ఏంటో చెప్తుంది. ముందు రాసే అంకె, అంటే గుణకం, ఎన్ని అణువులో చెప్తుంది. 2హెచ్₂ఓ అంటే నీళ్లే, రెండు అణువులు. హెచ్₂ఓ₂ అంటే అసలు నీళ్లే కాదు. మొదట్లో చెప్పిన తప్పు ఇదే, ఎంత అని చెప్పాల్సిన చోట ఏంటి అన్నది మార్చేశారు.

ఈ కింద అంకెలు కనిపెట్టడానికి పెద్దపెద్దవాళ్లకే అర్ధ శతాబ్దం పట్టింది. 1808లో డాల్టన్ పరమాణు సిద్ధాంతం పుస్తకం వేసినప్పుడు నీళ్ల అణువులో ఒక హైడ్రోజన్, ఒక ఆక్సిజన్ అనుకున్నాడు, అంటే హెచ్ఓ. అదే ఏడాది గేలూసాక్ వాయువుల ఘనపరిమాణాల మీద తన ఫలితాలు చెప్పాడు: 2 లీటర్ల హైడ్రోజన్, 1 లీటర్ ఆక్సిజన్ కలిస్తే 2 లీటర్ల నీటి ఆవిరి వస్తుంది, అన్నీ ఒకే వేడి, ఒకే పీడనం దగ్గర కొలిస్తే. ఒక్క లీటర్ ఆక్సిజన్ రెండు లీటర్ల ఆవిరికి సరిపోయిందంటే ఆక్సిజన్ కణం ఒక్కోటి రెండు ముక్కలు అవ్వాలి. 1811లో అవగాడ్రో చెప్పింది ఇదే, ఆక్సిజన్ విడిగా ఉన్నప్పుడు రెండు పరమాణువుల జంటగా ఉంటుందని. దాన్ని అప్పట్లో పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు, 1860లో కార్ల్స్‌రూలో జరిగిన సదస్సులో కానిజారో మళ్లీ ఆ మాట ముందుకు తెచ్చాకే మెల్లగా అందరూ ఒప్పుకున్నారు. హైడ్రోజన్, నైట్రోజన్, ఆక్సిజన్, ఫ్లోరిన్, క్లోరిన్, బ్రోమిన్, అయోడిన్, ఈ ఏడూ మూలకంగా విడిగా ఉన్నప్పుడు కింద 2తో రాయాలన్నది అలా తేలిన విషయమే.

## బ్యాలెన్స్ ఎందుకు చెయ్యాలి

కట్టె కాలితే మిగిలే బూడిద కట్టె కంటే తేలిక. మెగ్నీషియం రిబ్బన్ కాలితే మిగిలే తెల్లటి పొడి మొత్తం జాగ్రత్తగా పట్టుకుని తూస్తే రిబ్బన్ కంటే బరువు. పైకి చూస్తే బరువు ఒకచోట పోయింది, ఇంకోచోట పుట్టింది. లెవోయిజర్ తగరాన్ని మూసేసిన గాజుపాత్రలో వేడిచేసి ముందూ తర్వాతా తూచాడు, పాత్ర మొత్తం బరువు మారలేదు, మూత తెరిచాక గాలి లోపలికి దూసుకెళ్లింది, అప్పుడు బరువు పెరిగింది. తగరం లోపలున్న గాలిలో కొంత పట్టేసుకుంది, ఆ ఖాళీలోకి బయట గాలి వచ్చింది. కట్టె విషయంలో కార్బన్ డయాక్సైడ్, నీటి ఆవిరి ఎగిరిపోయాయి, మనం తూచలేదు. రసాయన చర్యలో పరమాణువులు జట్లు మార్చుకుంటాయి, పుట్టవు, పోవు. సమీకరణంలో రెండువైపులా ప్రతి మూలకం లెక్క సరిపోవాలి అన్నది అందుకే.

నీళ్ల సమీకరణం ఇప్పుడు సరిగ్గా చేద్దాం.

హెచ్₂ + ఓ₂ → హెచ్₂ఓ

ఎడమవైపు ఆక్సిజన్ 2, కుడివైపు 1. కింద అంకె ముట్టుకోం. కుడివైపు రెండు అణువుల నీళ్లు రావాలి, ముందు 2 పెడతాం. ఇప్పుడు కుడివైపు హైడ్రోజన్ 4 అయింది, ఎడమవైపు హైడ్రోజన్ అణువులు రెండు కావాలి.

2హెచ్₂ + ఓ₂ → 2హెచ్₂ఓ

2, 1, 2. గేలూసాక్ లీటర్లు కూడా 2, 1, 2. ఈ గుణకాలు వాయువుల్లో కంటికి కనిపించే కొలతలే. బరువులో చూస్తే 4 గ్రాముల హైడ్రోజన్, 32 గ్రాముల ఆక్సిజన్, 36 గ్రాముల నీళ్లు.

## కొన్ని సమీకరణాలు చేసి చూద్దాం

ఇనుము ఆక్సిజన్‌తో కలవడం తీసుకుందాం.

ఎఫ్ఈ + ఓ₂ → ఎఫ్ఈ₂ఓ₃

ఆక్సిజన్ ఒకవైపు రెండేసి వస్తుంది, ఇంకోవైపు మూడేసి. 2కి, 3కి క.సా.గు. 6. కాబట్టి ఎడమవైపు 3ఓ₂, కుడివైపు 2ఎఫ్ఈ₂ఓ₃, కుడివైపు ఇనుము 4 అయింది, ఎడమవైపు 4 పెడితే అయిపోయింది.

4ఎఫ్ఈ + 3ఓ₂ → 2ఎఫ్ఈ₂ఓ₃

నిజంగా పట్టే తుప్పులో నీళ్లు కూడా కలిసి ఉంటాయి, ఈ సమీకరణం దాన్ని సులువు చేసి చెప్పేదే.

వంటగ్యాస్‌లో ఉండే బ్యూటేన్ మండటం కొంచెం చిరాకు పెడుతుంది. ఇలాంటి వాటిలో ముందు కార్బన్, తర్వాత హైడ్రోజన్, చివర్లో ఆక్సిజన్ చూసుకోవడం మంచిది, ఎందుకంటే ఆక్సిజన్ ఎడమవైపు ఒంటరిగా ఉంది, దాని ముందు ఏ అంకె పెట్టినా ఇంకే లెక్కా చెడదు.

సీ₄హెచ్₁₀ + ఓ₂ → సీఓ₂ + హెచ్₂ఓ

కార్బన్ 4 కాబట్టి 4సీఓ₂. హైడ్రోజన్ 10 కాబట్టి 5హెచ్₂ఓ. కుడివైపు ఆక్సిజన్ ఇప్పుడు 8, 5 కలిపి 13. ఎడమవైపు రెండేసి వస్తుంది కాబట్టి ఆరున్నర అణువులు కావాలి. ఇక్కడ చాలామంది ఎక్కడో తప్పు చేశామని మొత్తం కొట్టేసి మళ్లీ మొదలుపెడతారు, అలా కొట్టెయ్యొద్దు, దగ్గరకి వచ్చేశారు. ఆరున్నర పెట్టి, అన్నిటినీ 2తో గుణించండి.

2సీ₄హెచ్₁₀ + 13ఓ₂ → 8సీఓ₂ + 10హెచ్₂ఓ

ఆక్సిజన్ ఎడమవైపు 26, కుడివైపు 16, 10 కలిపి 26. భిన్నం పెట్టడం తప్పా కాదా అన్నదాని మీద రెండు మాటలు ఉన్నాయి. అరముక్క అణువు ఉండదు కాబట్టి పూర్ణసంఖ్యలే రాయాలని స్కూల్లో అంటారు. ఒక మోల్ బ్యూటేన్ మండితే ఎంత వేడి వస్తుందో లెక్కకట్టేవాళ్లు మాత్రం బ్యూటేన్ ముందు 1 ఉంచి ఆక్సిజన్ ముందు ఆరున్నర అనే రాస్తారు, మోల్ అంటే కోట్లకోట్ల అణువుల గుంపు కాబట్టి అర మోల్ అన్నదానికి అర్థం ఉంది. రెండూ సరైనవే, పరీక్షలో ఏది అడిగారో చూసుకోవాలి.

బ్రాకెట్లు ఉన్నవాటిని చూసి భయపడతారు గానీ అవి ఒక్కోసారి ఇంకా తేలిక.

ఏఎల్₂(ఎస్ఓ₄)₃ + సీఏ(ఓహెచ్)₂ → ఏఎల్(ఓహెచ్)₃ + సీఏఎస్ఓ₄

సల్ఫేట్ గుంపు ఎడమవైపు ఎలా ఉందో కుడివైపు కూడా అలాగే చెక్కుచెదరకుండా ఉంది, హైడ్రాక్సైడ్ కూడా అంతే, కాబట్టి విడివిడి ఆక్సిజన్లు లెక్కపెట్టడం మానేసి గుంపులుగా లెక్కపెట్టండి. సల్ఫేట్లు 3, కుడివైపు 3సీఏఎస్ఓ₄. కాల్షియం 3, ఎడమవైపు 3సీఏ(ఓహెచ్)₂. అల్యూమినియం 2, కుడివైపు 2ఏఎల్(ఓహెచ్)₃. హైడ్రాక్సైడ్ చూస్తే అటు 6, ఇటు 6. 1, 3, 2, 3.

## తడిమి చూడటం పనిచెయ్యనప్పుడు

గుంపు రెండు దారుల్లో చీలిపోతే పై పద్ధతి ఇబ్బంది పెడుతుంది. రాగి, సజల నత్రికామ్లం చర్య దీనికి మంచి ఉదాహరణ.

సీయూ + హెచ్ఎన్ఓ₃ → సీయూ(ఎన్ఓ₃)₂ + ఎన్ఓ + హెచ్₂ఓ

నత్రికామ్లంలో నైట్రోజన్ కొంత నైట్రేట్‌గానే మిగిలింది, కొంత ఎన్ఓ అయింది. ఎంత అటు, ఎంత ఇటు అన్నది ఊహించడం కష్టం కాబట్టి లెక్కలు చేసినట్టే చేద్దాం. గుణకాలు వరసగా క, చ, ట, త, ప అనుకోండి. రాగి ప్రకారం క = ట. హైడ్రోజన్ ప్రకారం చ = 2ప. నైట్రోజన్ ప్రకారం చ = 2ట + త. ఆక్సిజన్ ప్రకారం 3చ = 6ట + త + ప. ట = 1 అనుకుంటే త = 2ప − 2 అవుతుంది, ఆక్సిజన్ సమీకరణంలో పెడితే 6ప = 6 + 2ప − 2 + ప, అంటే 3ప = 4. ప మూడింట నాలుగు, చ మూడింట ఎనిమిది, త మూడింట రెండు. అన్నిటినీ 3తో గుణిస్తే

3సీయూ + 8హెచ్ఎన్ఓ₃ → 3సీయూ(ఎన్ఓ₃)₂ + 2ఎన్ఓ + 4హెచ్₂ఓ

ఈ బీజగణిత పద్ధతి నేర్పితే పిల్లలు కెమిస్ట్రీ ఆలోచించడం మానేసి యంత్రంలా చేస్తారని కొందరు టీచర్లు అంటారు, తడిమి చూసే పద్ధతిలో గంటలు వృథా అని ఇంకొందరు అంటారు. నాకైతే ముందు తడిమి చూడటమే నేర్పాలనిపిస్తుంది, ఎందుకంటే అందులోనే ఏ పరమాణువు ఎక్కడికి వెళ్లిందో కంటికి కనిపిస్తుంది, పైలాంటివి వచ్చినప్పుడు రెండోది బయటికి తియ్యొచ్చు.

## పరమాణువులు సరిపోయినా ఇంకా పని మిగిలే చోట్లు

వెండి నైట్రేట్ ద్రావణంలో రాగి తీగ ముంచితే తీగ మీద వెండి నూగులాగా మొలుస్తుంది, ద్రావణం మెల్లగా నీలం అవుతుంది. అయాన్లతో రాస్తే

సీయూ + ఏజీ⁺ → సీయూ²⁺ + ఏజీ

పరమాణువులు సరిపోయాయి, ఒక రాగి, ఒక వెండి రెండువైపులా. కానీ ఎడమవైపు ఆవేశం ప్లస్ 1, కుడివైపు ప్లస్ 2. ఆవేశం కూడా ఉన్నట్టుండి పుట్టదు. ఒక రాగి పరమాణువు రెండు ఎలక్ట్రాన్లు వదులుతుంది, ఒక వెండి అయాన్ ఒక్కటే తీసుకోగలదు, కాబట్టి వెండి అయాన్లు రెండు కావాలి: సీయూ + 2ఏజీ⁺ → సీయూ²⁺ + 2ఏజీ.

దీనికంటే వింత పొటాషియం పర్మాంగనేట్, హైడ్రోజన్ పెరాక్సైడ్ చర్య. సల్ఫ్యూరిక్ ఆమ్లం సమక్షంలో 2 పర్మాంగనేట్, 3 ఆమ్లం, 5 పెరాక్సైడ్ కలిస్తే 1 పొటాషియం సల్ఫేట్, 2 మాంగనీస్ సల్ఫేట్, 8 నీళ్లు, 5 ఆక్సిజన్ వస్తాయి, ప్రతి మూలకం లెక్క సరిపోతుంది. ఇప్పుడు పెరాక్సైడ్ 5 తీసేసి 7 పెట్టండి, నీళ్లు 10, ఆక్సిజన్ 6 చెయ్యండి, మిగతావి అలాగే ఉంచండి. ఇదీ సరిపోతుంది, హైడ్రోజన్ అటు ఇటు 20, ఆక్సిజన్ అటు ఇటు 34. ఆవేశం గొడవ కూడా లేదు. కారణం ఏంటంటే పెరాక్సైడ్ తనంతట తాను కూడా నీళ్లు, ఆక్సిజన్‌గా విడిపోగలదు, రెండు అణువులు అలా విడిపోయిన లెక్క దీంట్లో కలిసిపోయినా పరమాణువుల లెక్క చెడదు. కాగితం మీద 5కీ 7కీ తేడా పట్టుకునే దారి పరమాణువుల లెక్కలో లేదు.

పట్టుకునేది బ్యూరెట్, అంటే కింద ట్యాప్, పక్కన కొలత గీతలు ఉన్న పొడుగాటి గాజు గొట్టం. ఫ్లాస్క్‌లో గాఢత తెలిసిన పెరాక్సైడ్, ఆమ్లం పోసి పైనుంచి ఊదా రంగు పర్మాంగనేట్ చుక్క చుక్కగా వదులుతారు, చుక్క పడిన చోట రంగు కనిపించి కలియబెట్టగానే పోతుంది, పెరాక్సైడ్ మొత్తం అయిపోయాక పడే చుక్కతో లేత గులాబీ రంగు పోకుండా నిలిచిపోతుంది. అప్పుడు ట్యాప్ కట్టేసి ఎన్ని మిల్లీలీటర్లు దిగిందో చూసి మోల్స్‌లోకి మారిస్తే ప్రతి 2 మోల్స్ పర్మాంగనేట్‌కి పెరాక్సైడ్ 5 మోల్స్ ఖర్చయినట్టు తేలుతుంది.